నలభై సెంటీమీటర్ల పట్టీ

"రొట్టె కత్తిని చెంచాల సొరుగులో పెట్టింది నేను కాదు," అన్నాడు కాల్మాన్, కోటు గుండీలు పెట్టుకుంటూ.

"మరి దానికి కాళ్ళొచ్చి నడిచిందా? ఇంట్లో ఉన్నది ఇద్దరం," అంది భార్య ఇల్కా. "నీ చేతులు తప్పు చెయ్యవుగా! వెళ్ళు, ట్రామ్ పోతుంది. ఆ సంతకం సంగతి ఈ రోజన్నా తేల్చు. సాయంత్రం అమ్మాయి కూడా వస్తోంది, అడుగుతుంది."

ఉద్యోగ విరమణ తర్వాత మరో రెండేళ్ళు ఉంటారా అని కంపెనీ ఇచ్చిన కాగితం వారం నుంచీ అతని సంచిలో ఉంది. ఉండాలనే అతనికి ఉంది. ఆదివారాలు ఏం చెయ్యాలో తోచని మనిషి.

టిస్సా నది ఒడ్డున, సెగెద్ ఊళ్ళో ఒక పాత వీధిలో, రెండో అంతస్తులో కంపెనీ ఆఫీసు. సమీకరణాలు విప్పే, ఆకారాలు గీసే సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతుంది. అది తప్పు చెప్పిందని ఎవరైనా రాస్తే, ఆ తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఇరవై ఆరేళ్ళుగా కాల్మాన్ పని. ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. తెరకు మరీ దగ్గరగా వంగి, పెదవులు కదుపుతూ అంకెలు చదువుతాడు.

ఆ రోజు ఉత్తరం ఒక నీటిపారుదల ఇంజనీరుది. కాలువ వెంట రెండు రక్షిత ప్రాంతాలు, ఒక్కొక్కటి రెండు కిలోమీటర్ల పొడవు. రెండింటికీ ఉమ్మడిగా పడే భాగం అడిగితే సాఫ్ట్‌వేర్ 'ఏమీ లేదు' అంటోంది. కానీ నేల మీద నలభై సెంటీమీటర్ల వెడల్పున ఉమ్మడి పట్టీ ఉంది. ఊరి బోరుబావి సరిగ్గా అందులోనే ఉంది. ఉమ్మడి భాగంలో ఉన్న బావులనే ఉంచుతారు కనక, ఇది అందులో లేదని లెక్కగట్టి మూసెయ్యబోతున్నారు.

కాల్మాన్ ముందు ఇంజనీరు అంకెల్ని అనుమానించాడు. దశాంశాలు తీసేసి భిన్నాలు పెట్టాడు. ఏమీ లేదు. కొలతలు మళ్ళీ తెప్పించాడు. సరిగ్గానే ఉన్నాయి. మధ్యాహ్నం చిక్కుడుగింజల సూపు చల్లారబెట్టుకుని, పక్క బల్ల దగ్గరి ఆబెల్ వైపు తిరిగాడు.

"గీతలు గీసే భాగం నువ్వు కదా మార్చింది?"

"అయ్యో బాబాయ్, అది పోయిన నెల మార్చాను. పాత వెర్షన్‌లో నడిపి చూడండి. అక్కడా ఇంతే అయితే మీరు నాకు కాఫీ బాకీ."

అక్కడా ఇంతే. అంతకు ముందుదానిలోనూ ఇంతే.

చివరికి ఒక ప్రాంతాన్ని కొద్దికొద్దిగా జరిపాడు. ఉమ్మడి పట్టీ మీటరు ఉంటే కనిపించింది. అరవై సెంటీమీటర్లు, యాభై, కనిపించింది. నలభై తొమ్మిదికి మాయమైంది. అంటే ఎవరో కావాలని పారేస్తున్నారు.

నాలుగు గంటలకు కోడ్‌లో ఆ వరస దొరికింది. పొడవులో నాలుగువేలవ వంతు కన్నా సన్నగా ఉన్న ముక్కను ఖాళీగా లెక్కించు. పక్కనే ఒక వ్యాఖ్య: 'ఇంత సన్నగా ఉన్నది నిజం కాదు, లెక్క దుమ్ము.' కింద పద్దెనిమిదేళ్ళ నాటి తేదీ, కాల్మాన్ పేరు పొడి అక్షరాలే.

ఆబెల్ కుర్చీ జరుపుకుని వచ్చి చదివాడు. "అప్పటి మెషీన్లకి అది అవసరమే అయ్యుంటుంది బాబాయ్. తీసేద్దాం. ఎవరు రాశారో చెప్పక్కర్లేదు."

"చెప్పాలి," అన్నాడు కాల్మాన్. నివేదికలో తన పూర్తి పేరు రాశాడు. ఇంజనీరుకు ఉత్తరం పంపాడు: బావి రెండింటికీ చెందుతుంది, మూయించకండి.

సాయంత్రం భోజనాల బల్ల మీద మిరపపొడి వేసిన బంగాళాదుంపల పులుసు పొగలు కక్కుతోంది. కూతురు బోర్కా రొట్టె తుంచుతూ అడిగింది. "సంతకం పెట్టావా నాన్నా?"

"లేదు. పెట్టను. నెలాఖరుకి మానేస్తున్నాను."

ఇల్కా గరిటె ఆపింది. "ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. పొద్దుణ్ణించీ అందరి పనీ అనుమానించాను. నాది తప్ప. నాది చూడాలన్న ఆలోచనే రాలేదు, ఇల్కా. అలాంటివాడు ఆ కుర్చీలో ఉండకూడదు."

అతను కాసేపు తిని, చెయ్యి తుడుచుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. ఉప్పు గిన్నె పక్కన అతని కళ్ళజోడు ఉండిపోయింది, అద్దాల మీద పులుసు ఆవిరి ఇంకా ఆరకుండా.