కదలడం మానిన చక్రం

పొద్దున్నే ముఖం కడుక్కోగానే సీతయ్య చేసే మొదటి పని గొలుసులు చూసుకోవడం. బూర్గంపాడు మలుపులో ఆయనకు పాత లారీ సామాన్ల కొట్టు ఉంది. అక్కడి చక్రాలను గొడ్లను కట్టేసినట్టు గుంజలకు కట్టేసి ఉంచేవాడు. కట్టకపోతే తమ లారీ ఎక్కడుంటే అటు దొర్లుకుంటూ పోతాయి. కుసుమంచి లారీ చక్రం పడమటికి గుంజుతుంది. ఏదైనా లారీ తుక్కు కింద పోయిందా, దాని చక్రం ఆ రోజు నుంచే కదలదు. అడవిలో లారీ జాడ తెలియకపోతే దాని పాత చక్రాన్ని వదిలి వెనకాల పోవడం ఆ చుట్టుపక్కల రివాజు.

అయితే ఏ చక్రం ఏ బండిదో చెప్పడం అందరివల్లా కాదు. బోల్టు రంధ్రాల పక్కన ఇనుములో నంబరు గుద్ది ఉంటుంది. ముందు అంకెలు బండి రకం చెబుతాయి, చివరి రెండూ ఏ లారీతో పుట్టిందో చెబుతాయి. తుప్పు పట్టిన ఆ అంకెలను సీతయ్య బొటనవేలితో తడిమి చెప్పేవాడు. తప్పు చెప్పాడని గానీ, అడిగింది లేదన్నాడని గానీ ఆయనకు పేరు లేదు.

ఆ పేరే ఆయన్ను చెడగొట్టింది. వెంకటరామారావు తన తండ్రి నడిపిన యుద్ధం నాటి మిలటరీ లారీని పుట్టినప్పటి చక్రాలతోనే నిలబెట్టాలనుకున్నాడు. ఐదు దొరికాయి. ఆరోది, నలభై ఏడు నంబరుది, దొరకలేదు. సీతయ్యకు లేదనడానికి నోరు రాలేదు. తండా లారీ డ్రైవరు హేమ్లా తన బండిది నిరుడు అమ్మిన నలభై ఒకటి తీసి, ఒకటిని లప్పంతో పూడ్చి, దాని మీద ఏడు గీసి, వెండి రంగు పూశాడు. రంగు ఆరేలోగా ఆ చక్రం గొలుసు గుంజడం మానేసింది. పోనీలే, గోల తగ్గిందనుకున్నాడు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు వానాకాలంలో ఒక ఉదయం వెంకటరామారావు చక్రం కోసం వచ్చాడు.

"ఏమయ్యా సీతయ్యా, మా నాన్నగారి చక్రం సిద్ధమేనా?"

సీతయ్య నోరు తెరిచేలోగా తండా నుంచి హేమ్లా పెళ్లాం చాంది పరుగెత్తుకొచ్చింది. వానకు తడిసి ఉంది.

"సీతయ్యన్నా, వెదురు లోడుకు పోయిన మా ఆయన మూడు దినాలైంది, రాలే! జల్దీ మా చక్రం విప్పు!"

చాంది సీతయ్య జవాబు కోసం ఆగలేదు. గుంజ గుంజకూ తిరిగింది. చక్రాలన్నీ తమ తమ దిక్కులకు గుంజుతున్నాయి. గోదావరి దాటి అడవి వైపు గుంజేది ఒక్కటీ లేదు.

"గుంజుతలేదంటే..." ఆమె అక్కడే బురదలో కూలబడింది. "అన్నా, మా బండి లేదా? బండి లేకుంటే మనిషి ఉంటడా?"

వెంకటరామారావు టోపీ తీసి చేత పట్టుకున్నాడు. సీతయ్య ఆయన వైపు చూశాడు, వెండి రంగు చక్రం వైపు చూశాడు. ఇప్పుడు నోరు విప్పితే ఇరవై ఏళ్ల పేరు పోతుంది. విప్పకపోతే, ఈమె ఏడుస్తూ ఇంటికి పోతుంది, హేమ్లా అడవిలోనే ఉంటాడు.

"ఏడ్వకు చెల్లె. నీ చక్రం చావలే. నేనే దాని నోరు మూసిన."

తీగల బ్రష్షు తెచ్చి గీకడం మొదలుపెట్టాడు. రంగు రాలింది, లప్పం పెళ్లలుగా ఊడింది. ఏడు పోయింది. కింద నుంచి ఒకటి బయటపడింది. చక్రం కదల్లేదు. అంకె మూలలో ఇరుక్కున్న లప్పాన్ని సీతయ్య గోటితో తవ్వాడు. వేలికి నెత్తురొచ్చింది. ఇంకా కదల్లేదు.

"ఆలస్యం చేసినవా అన్నా?" అంది చాంది మెల్లగా.

అప్పుడు గొలుసు ఖంగుమంది.

ముగ్గురూ వెంకటరామారావు జీపులో చక్రం వెనక పోయారు. అది భద్రాచలం వంతెన ఎక్కింది. అవతలి చెక్‌పోస్టు జవాను దారికి అడ్డంగా ఉన్న వాసం పైకెత్తి, "ఎవరి లారీ?" అని మాత్రం అడిగాడు. చక్రం దుమ్ముగూడెం దారిలో ఎడమకు మళ్లి, వెదురు పొదలు తొక్కుకుంటూ ఒక వాగులోకి దిగింది. అక్కడ పక్కకు ఒరిగిన లారీకి ఆనుకుని ఆగిపోయింది.

హేమ్లా కాలు కేబిన్ కింద ఉంది. వాగు నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. కళ్లు తెరిచి చక్రాన్ని చూశాడు.

"మూడు దినాల సంది దీనికోసమే చూస్తున్న. గింత లేటైందేంది అన్నా?"

సీతయ్య గోళ్ల సందుల్లో లప్పం ఇంకా ఉంది. జాకీ పెడుతూనే జరిగిందంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. చాంది అంది, "మల్ల ఎన్నడూ గట్ల చెయ్యకు."

దవాఖానాలో హేమ్లాకు రెండు కాలివేళ్లు తీసేశారు. మనిషి బతికాడు.

వెంకటరామారావు లారీ ఇప్పటికీ ఆయన వాకిట్లో ఐదు చక్రాల మీదే ఉంది. ఆరో చోట ఇటుకలు పేర్చాడు. పట్నంలో వెతికించలేకపోయారా అని ఎవరైనా అడిగితే, ఆయన ఇటుకలు సర్దుతూ ఒకటే మాట అంటాడు:

"సీతయ్య లేదన్నాడండీ. ఇక ఎక్కడా ఉండదు."