పదకొండూ ఇరవైకి దానియేలు

దివ్య ఉద్యోగం ఖాయమైందన్న మెయిల్ శుక్రవారం పొద్దున సరిగ్గా పదకొండూ ఇరవైకి వచ్చింది. హనుమకొండలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో ఆరునెలలుగా ఆమె తాత్కాలిక ఉద్యోగి. చదివీ చదవగానే కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. పెళ్ళై ఇరవై రెండు రోజులు, చేతినిండా గాజులు. అవి గలగలమంటుండగానే మొగుడికి ఫోన్ కలిపింది.

"ప్రశాంత్, పర్మనెంట్ అయిన!"

"అబ్బో! సాయంత్రం మిర్చి బజ్జీలు నా తరఫున."

"గంతేనా? పిసినారీ!"

"నాకైతే ఇరవై రెండు రోజుల కిందనే పర్మనెంట్ అయినవ్. ఇంక కొత్తగ ఏం పెట్టాలె?"

పకపకా నవ్వుతున్న దివ్య కళ్ళు తెరమీద పడ్డాయి. సర్వర్ చిట్టాలో ఎర్రటి వరుస ఒకటి అప్పుడే వచ్చి చేరింది.

*దానియేలు. లాగిన్ విఫలం. ఖాతా నిలిపివేయబడింది.*

తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేసింది. తాను కూర్చున్న కుర్చీ దానియేలు సారుది. పన్నెండేళ్ళు ఈ సర్వర్లన్నీ ఒంటిచేత్తో నడిపిన మనిషి, రెండు నెలల కింద గుండె ఆగి నిద్రలోనే పోయాడు.

మరో నిమిషానికి ఇంకో వరుస. ఆ తర్వాత ఇంకొకటి. మూడుతో ఆగిపోయింది. వెనక్కి జరిపి చూసింది. నిన్న పదకొండూ ఇరవైకి మూడుసార్లు. మొన్న కూడా. పది రోజులుగా అదే వేళకు ఎవరో వచ్చి మూడుసార్లు తలుపు తట్టి, తీయకపోయేసరికి తిరిగి వెళ్ళిపోతున్నట్టుంది.

ఆ తలుపు మూసింది తానే. పెళ్ళి సెలవు నుంచి రాగానే, పోయినవాళ్ళ ఖాతాలు మూసేయమని ఆఫీసు ఇచ్చిన జాబితాలో మొదటి పేరు ఆయనదే.

"కొత్త పెళ్ళికూతురా, జర ఇటు సూడమ్మా."

తలుపు దగ్గర డయాలసిస్ వార్డు నర్సు శకుంతల. ఆమె భుజం పట్టుకుని ములుగు దగ్గరి పల్లె నుంచి వచ్చిన చిలుకమ్మ నిలబడి ఉంది. పాదాలు కుండల్లా వాచాయి.

"గా ఫోన్ల మాట్లాడే అయ్య ఏడి బిడ్డా?" అంది చిలుకమ్మ. "రేపు నీ వంతు, రావాలె అంటడు గద. పదొద్దులాయె, ఉలుకు లేదు పలుకు లేదు. నా మీద గిట్ట కోపమొచ్చిందా?"

పదొద్దులన్న మాటకు దివ్య తెరమీది ఎర్ర వరుసల వైపు చూసింది.

శకుంతల విడమర్చి చెప్పింది. వార్డులో ఉన్నవి నాలుగే మిషన్లు. ఒకటి మొరాయిస్తే అందరి వంతులూ మారిపోతాయి. మెసేజ్ పంపితే చదవలేని ఊరివాళ్ళ కోసం దానియేలు తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. రోజూ కంప్యూటరే మర్నాటి జాబితా చూసి వాళ్ళకు ఫోన్లు చేసేది.

"నెట్‌వర్క్ కరాబైందనుకున్న. ఈమెకు ఒక వంతు తప్పింది, ఇప్పుడే మిషను మీద పెడుత. రేపు రావల్సినోళ్ళు తొమ్మిదిమంది. రిజిస్టర్ల నంబర్లు సగం పాతయి, అసలువి ఆయన జాబితాలనే ఉన్నయ్. సాయంత్రంలోపల వాళ్ళకు తెల్వకపోతే ఎట్లనమ్మా?"

ఆ లాగిన్ ప్రయత్నాలు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతికితే మెట్ల కింద గది తేలింది. పాత ఫైళ్ళ గది. ఆయన పోయాక తాళం తీసినవాళ్ళు లేరు.

తాళం తీసి తలుపు తోయగానే చీకట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. దివ్య "ప్రభువా" అనుకుంటూ స్విచ్ వేసింది. స్టూలు మీద పాత కంప్యూటరు. చుట్టూ వేలెడు దుమ్ము, పక్కన ఆయన కళ్ళజోడు. పెట్టె మీద చెయ్యి వేస్తే జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. దానికో కాగితం అతికించి ఉంది: *దీన్ని ఆపొద్దు. ఆగిందా, నాకు ఫోన్ చెయ్యండి. దానియేలు.* కింద నంబరు.

ఎందుకు చేసిందో తనకే తెలియదు. ఆ నంబరు నొక్కింది. రెండో రింగుకే ఎత్తారు. అవతల మాట లేదు, ఊపిరి ఒక్కటే.

"హలో?" అంది దివ్య.

"ఎవలమ్మా?" ఆడగొంతు. ఆయన భార్య ప్రమీల.

దివ్య తానెవరో చెప్పగానే ప్రమీల అడిగింది. "పది రోజుల సంది ఆయన ఫోన్ ఎందుకు వస్తలేదు?"

"మీకు... వచ్చేదా అక్కా?"

"ఫోన్లు సక్కగ పోతున్నయో లేదో తెలుసుకోను జాబితాల మొదటి నంబరు ఆయనదే పెట్టుకున్నడు. ఆయన పోయినంక గూడ వచ్చింది. మొదటిరోజు భయమై ఫోన్ కింద పడేసిన. తర్వాత రోజూ వంట తొందరగ చేసుకొని దాని ముంగట కూసునేదాన్ని. గీ నంబరుకు రీచార్జి గందుకే చేయిస్తాన. ఆగిపోయినంక, మళ్ళొకసారి పోయిండు అనుకున్న."

పొద్దున మెయిల్ చూసి ఆయన కుర్చీలోనే గిర్రున తిరిగింది గుర్తొచ్చి దివ్యకు సిగ్గేసింది.

దానియేలు ఖాతాను మళ్ళీ తెరిస్తే ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. వేలు అక్కడిదాకా వెళ్ళి ఆగింది. ఆ పేరుకు ఆసుపత్రిలోని ప్రతి రోగి కాగితమూ తెరుచుకుంటుంది. పోయిన మనిషి పేరున అన్ని తలుపులూ బార్లా వదిలేయడం తప్పు. తన సొంత ఖాతా మీదే ఈ పని నడపడం ఆయన చేసిన పొరపాటు, అది చూసుకోకుండా మూసేయడం తన పొరపాటు.

ఈ ఫోన్ల పని కోసమే వేరే ఖాతా తయారు చేసింది. నడిపిస్తే లాగిన్ అయింది కానీ జాబితా తెరుచుకోలేదు. చదివే అనుమతి ఇచ్చింది. జాబితా తెరుచుకుంది, చేసిన ఫోన్లను రాసుకోవడం కుదరలేదు. అదీ ఇచ్చింది. అంతకు మించి ఇంకేమీ ఇవ్వలేదు. మూడూ నలభైకి పెట్టె చప్పుడు మారింది. తెరమీద మొదటి నంబరు పచ్చబడింది. తర్వాత ఒక్కొక్కటిగా తొమ్మిదీ.

ఆమె ఫోన్ మోగింది. దానియేలు నంబరు.

"వచ్చింది." ప్రమీల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "డాక్టరు చీటీ మర్సిపోవద్దు అంటాండు. బతికినన్నాళ్ళు ఆయన చీటీలు నేనే దేవులాడి ఇచ్చేది!"

"అక్కా, ఆ ఖాతా బంద్ చేసింది నేనే."

పెట్టెలోని ఫ్యాను ఊపిరి తీస్తూనే ఉంది.

"రేపు వస్తదా?" అని మాత్రం అడిగింది ప్రమీల.

దివ్య కాగితం మీద ఆయన నంబరు కింద తన నంబరు రాసింది. "వస్తదక్కా. రేపు రెండో శనివారం, నాకు సెలవు. పదకొండింటికల్ల మా ఆయనను తీసుకొని మీ ఇంటికొస్త, బజ్జీలు కూడ తెస్త. పదకొండూ ఇరవైకి ఫోన్ మోగినప్పుడు ముగ్గురం కూసొని విందాం."