గోడౌనుకు అంటు

"ఈ నెల నువ్వు ఎప్పుడు బయటుండావు?" అని మా ఆయన అడిగినప్పుడు నేను చాట ముందర పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ధనంజయ ఆ మాట నోటితో అడగడం అదే మొదటిసారి. నా బయట చేరడం మా అత్తకూ నాకూ పెరటి వసారాకూ సంబంధించిన సంగతి. ఆ మూడు రోజులూ నేనున్న వైపు చూడకుండా తిరిగే మనిషి ఆయన. అలాంటివాడు పనిగట్టుకుని అడిగేసరికి నాకు తిరుమల తట్టింది. మా వైపు కొండకు పోవాలంటే ముందు ఇంట్లో ఆడవాళ్ల లెక్క చూసుకుంటారు, బస్సు సంగతి ఆ తర్వాతే. తీరని మొక్కు ఒకటి ఉండిపోయింది, ఇన్నాళ్లకు గుర్తొచ్చిందనుకున్నాను. పిచ్చిదాన్ని, సంతోషపడ్డాను కూడా. "పోయిన బేస్తవారం చేరి, ఆదివారం తలకు పోసుకున్నా" అని చెప్పాను. ఆయన తలూపి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

మేమిద్దరం రేణిగుంట రోడ్డులో ఉన్న ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. ఆయన స్టోర్సు చూస్తాడు, నేను ప్యాకింగులో ఉంటాను. అక్కడ తయారయ్యేవి శనగగింజలంత తెల్లటి గుళికలు. ఎరువుల ఫ్యాక్టరీల్లో వాయువులను కలిపే మందు ఒకటి ఉంటుందట. ఆ మందు నిలవడానికి ఒక ఆధారం కావాలి, ఆ ఆధారమే ఈ గుళికలు. "వీటికి సొంతంగా ఏ గుణమూ లేదమ్మా, మందును మోయడమే వీటి పని" అని నేను చేరిన రోజు ఓనరు బాలసుబ్రమణ్యంగారు చెప్పారు. సరిగ్గా ఇలాంటి కోడలే మా అత్తకు కావలసింది అనుకున్నాను. అయితే వీటికి ఒక దుర్గుణం ఉంది, గాలిలో తేమ కనబడితే చాలు తాగేస్తాయి. అందుకే ఫర్నేసు నుంచి రాగానే పాలిథిన్ సంచిలో పోసి, మూతి మెలిపెట్టి బిగించి కట్టి, ఆ సంచిని ఇనప డ్రమ్ములో పెట్టి మూత వేస్తాం. అలా దాస్తే రెండేళ్లయినా చెక్కు చెదరవు. సంచి లేకుండా ఉత్త మూత వేశామా, ఒక్క ముసురు చాలు. చెమ్మ పట్టినా పైకి అదే తెలుపు, అదే గట్టిదనం. తీరా మందు పట్టించి వేడిలో పెట్టినప్పుడు పగిలి పిండైపోతాయి. వడియాల డబ్బా చూసుకునే ఏ ఆడదానికీ ఇది వేరే చెప్పక్కరలేదు.

ఆ కార్తీకం ముసురులో నింపి పంపిన లోడు ఒకటి, వానలు తగ్గగానే వారంలోపే తిరిగొచ్చింది. గుళికలు పిండైపోతున్నాయని కొన్నవాళ్లు తిట్టి పంపారు.

నన్ను ఆ మాట అడిగిన మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ మునస్వామి మా ప్యాకింగు ఆడవాళ్లను ఆపాడు. పెద్దాయన, మా ముఖాల్లోకి చూడలేక ఆకాశం వైపు చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, బయటుండే వాళ్లు ఇంక గోడౌన్లోకి పోగూడదంట. ఆ దినాలు నాకు చెప్పి ఇంటికి పొమ్మన్నారు. కూలి కూడా ఉండదంట."

వేళాకోళమనుకుని ఒకరిద్దరు నవ్వారు. నా పక్కనున్న ఆనందమ్మ నవ్వలేదు. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి ఆమె. "మా ఇంట్లోనే లేని అంటు ఈడికి యాడనుంచి వచ్చింది అన్నా?" అంది.

"స్టోర్సు ధనంజయ చెప్పినాడంటమ్మా. వాళ్లింటామె బేస్తవారం బయటుండి డ్రమ్ములు ముట్టిందంట. ఊరగాయే చెడేటప్పుడు ఇది చెడదా అని ఓనరు కూడా నమ్మినాడు."

అందరూ నా వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను, అబద్ధమెందుకు. నా ఒంటి సంగతి, అద్దంలో నన్ను నేను చూసుకుంటూ కూడా పైకి అనని సంగతి, గేటు దగ్గర ఒక మగవాడి నోట్లోంచి వింటున్నాను. తర్వాత ఆ సిగ్గు పోయి ఒళ్లు మండటం మొదలైంది. రోజంతా మండుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికి రాగానే "కొండకనుకున్నా" అన్నాను.

"ఏ కొండకు?" అన్నాడు ఆయన. నా ఆశ సంగతి ఆయనకు తట్టనే లేదు.

తర్వాత గొంతు తగ్గించాడు. "సూడు, లోడు తిరిగొచ్చింది. ఓనరు ఎవురో ఒకరి మెడ పట్టుకోవాల గదా. ఇదైతే ఎవురికీ నష్టం లేదు. రేపు నిన్ను పిలిపిస్తాడు. తెలీక ముట్టినానని ఒక్క మాట చెప్పు, అయిపోతాది."

"సంచులు లేకుండా నింపినందుకు చెడినాయి. అది మీకూ తెలుసు."

ఆ లోడు నింపేటప్పుడు సంచులు రాలేదు, ఉత్తగానే పోసి మూతలు వేయండి అన్నది ఆయనే. సంచులు ఎక్కడున్నాయో నాకు అప్పుడే తట్టింది. శ్రావణంలో మా మరిది బిడ్డకు చెవులు కుట్టిస్తే వాళ్లుండే నగరికి పోయాం. వాళ్ల మగ్గాల షెడ్డు కారుతోందని పైన పరచిన పాలిథిన్ అంతా మా ప్యాకింగు సంచులే. అడిగితే చిరిగినవిలే అన్నాడు. కట్టలు కట్టలుగా ఎలా చిరిగాయో అప్పుడు నేను ఆలోచించలేదు.

వంటింటి గడపలో కూర్చుని తమలపాకు ఈనె తీస్తున్న మా అత్త కుప్పమ్మ తలెత్తకుండానే అంది, "మొగోని ఉద్యోగం పోతే నీ కూలితో సంసారం గడస్తాదా మే? ఆడది ఒక మాట పడితే ఏమి, పుట్టినప్పటినుంచీ పడతానే ఉండాం గదా."

ఆ మాటలో కక్ష లేదు. మంచి సలహా చెప్పినట్టే చెప్పింది. అందుకే ఎక్కువ కోపం వచ్చింది నాకు. ఒక్క మాట అంటున్నారు ఇద్దరూ. ఆ ఒక్క మాట నా నోట్లోంచి వస్తే రేపటినుంచి ఇరవై మంది ఆడవాళ్లు నెలనెలా మునస్వామి దగ్గరికి వచ్చి తలవంచుకుని చెప్పాలి. చెప్పి, మూడు రోజుల కూలి పోగొట్టుకుని, మళ్లీ ఇంటికి పోయి వసారాలో కూర్చోవాలి. వసారాలో ఉన్నన్నాళ్లూ నాకు విశ్రాంతి అని మా అత్త ఎప్పుడూ అంటుంది. ఆ విశ్రాంతిలోనే ఇంటిల్లిపాది బట్టలు ఉతుకుతాను, కట్టెలు చీలుస్తాను, పేడ ఎత్తుతాను. వాటికి అంటు లేదు. ఫ్యాక్టరీలో కూడా నేను డ్యూటీకి పోతే అంటు లేదు, లోడు తిరిగొస్తే ఉంది. ఇంత తెలివైన అంటును ఎవరు కనిపెట్టారో గాని మగవాడికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు వచ్చి నిలబడుతుంది. ఇవన్నీ తలచుకుంటూనే చారు పెట్టాను. కోపమొచ్చినా చారు పెట్టవలసింది నేనే కదా.

మర్నాడు ఓనరు గదిలోకి పిలిచారు. ఆయన నుదుటి మీద విభూతి, ఎదురుగా టేబుల్ మీద గుళికల శాంపిలు సీసా. మా ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వెనకే వచ్చిన ఆనందమ్మా మరికొందరూ వరండాలో ఆగారు.

"తెలీక ముట్టినావంట గదమ్మా?" అన్నారు ఓనరు మెల్లగా. పెద్దమనిషి, అరిచే రకం కాదు.

"తెలిసే ముట్టినాను సార్."

మా ఆయన దగ్గాడు. నేను అటు చూడలేదు.

"నేనొక్కదాన్నే గాదు. ప్యాకింగులో ఇరవై మందిమి ఉండాం. ఏ దినం చూసినా మాలో ఎవురో ఒకరు బయటుంటారు. మీరు ఫ్యాక్టరీ పెట్టినప్పటినుంచీ మేము ముట్టకుండా ఒక్క డ్రమ్ము కూడా ఆ గేటు దాటలేదు. మంచిదని మెచ్చుకున్న లోడూ మేము ముట్టిందే. ఆ సీసా కూడా మేము నింపిందే."

ఓనరు చెయ్యి సీసా మీద ఉంది. దాన్ని తీయాలో ఉంచాలో ఆయనకు తెలియలేదు. వరండాలో ఆనందమ్మ గట్టిగానే నవ్వింది.

"అయితే ఇది ఎందుకు చెడింది?" అన్నారు చివరికి.

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పీట మీద కూర్చుని నీళ్లు కావాలన్నప్పుడు అడగకుండా అలాగే చూస్తాడు, నేను లేచి తెస్తాను. ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలి వేసింది, లేదనను. ఉద్యోగం పోతుందని భయం కూడా వేసింది. కాని జాలిపడి మాట మింగితే, అది ఇరవై మంది గొంతుల్లో అడ్డం పడుతుంది.

"సంచులు లేకుండా నింపినాం సార్. సంచులు యాడికి పోయినాయో ఆయన్ని అడగండి. ఆయన చెప్పకపోతే నేను చెప్తాను."

ఆయనే చెప్పాడు, నగరి షెడ్డుతో సహా.

ఉద్యోగం పోలేదు. స్టోర్సు తాళాలు తీసుకుని ఆయన్ను ఫర్నేసు దగ్గర ట్రేలు మోయడానికి వేశారు. తిరిగొచ్చిన డ్రమ్ముల్లో పగలకుండా మిగిలినవాటిని అదే ఫర్నేసులో మళ్లీ ఆరబెట్టి, కొత్త సంచుల్లో కట్టి పంపాం. వాటికి ఏ లోపమూ లేదు, ఒట్టి తడే. గేటు దగ్గరి హుకుం రద్దయిందని ఎవరూ చెప్పలేదు గాని మునస్వామి అడగడం మానేశాడు. దాన్ని క్షమాపణ అనుకోవాలట, అనుకున్నాం.

ఇంట్లో మాత్రం మాటలు లేవు. మొగుణ్ణి నలుగురిలో నిలబెట్టినదాన్నని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నెల తిరిగింది. ఒకరోజు తల్లీకొడుకులిద్దరికీ అన్నం వడ్డిస్తుంటే ఆవిడ నా వైపు అనుమానంగా చూసింది.

"ఏం మే, ఈ నెల ఇంకా బయట చేరలేదే?"

"చేరినా చెప్పను అత్తా. ఒకసారి చెప్తే అది గేటు దాకా పోయింది."

"చెప్పకపోతే మాకెట్లా తెలస్తాది?"

"తెలీదు" అన్నాను.

మా ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాను. ఆయన నా చేతి వైపు, అన్నం వైపు చూశాడు. లేచిపోతాడేమోనని మా అత్త ఎదురుచూసింది. మధ్యాహ్నం దాకా ట్రేలు మోసి వచ్చిన మనిషి. తలవంచుకుని కలుపుకున్నాడు.