బానెట్ మూశాక

మామయ్య వ్యాను నాలుగోసారి షెడ్డుకొచ్చిన శనివారం నాడు మేనకోడలికి దాని మొహం చూడబుద్ధి కాలేదు. డైనమోలు బాగుచెయ్యడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. అలాంటి మనిషికి పాతికేళ్ల ముసలి వ్యాను ఒకటి నెల రోజులుగా చుక్కలు చూపిస్తోంది.

బండి దారిలో బాగానే పోతూ ఉంటుంది. ఉన్నట్టుండి బ్యాటరీ గుర్తున్న ఎర్రలైటు వెలుగుతుంది. ఒక్కోసారి దానంతటదే ఆరిపోతుంది. ఆరకపోతే మాత్రం బ్యాటరీలో ఉన్నదంతా హరించుకుపోయి బండి నడిరోడ్డు మీద చతికిలబడుతుంది. ఆమె కొత్త బ్యాటరీ వేసింది, బ్యాటరీని నింపే డైనమో విప్పి బ్రష్షులు మార్చింది, బెల్టు బిగించింది. షెడ్డులో మీటరు పెట్టిన ప్రతిసారీ బండి, బ్యాటరీ చక్కగా నిండుతోందన్నట్టు పద్నాలుగు వోల్టులు చూపించి, ఏమీ ఎరగనట్టు నిలబడేది. డాక్టరు గుమ్మంలోకి రాగానే తగ్గిపోయే జ్వరంలా ఉంది దాని వరస.

నవ్వుకుని ఊరుకునే సంగతి కాదిది. ఆ వ్యానులో వారానికి మూడుసార్లు ఏడుగురు డయాలసిస్ రోగులు ఆసుపత్రికి వెళ్తారు. మొన్న బండి ఆగిపోతే వాళ్లంతా గంటన్నర ఎండలో మగ్గారు. ఒక పెద్దాయనకు ఆయాసం కూడా వచ్చింది. సోమవారం మళ్లీ ఆగిందంటే ఆ ట్రిప్పు ఇంకో బండికి ఇచ్చేస్తానని ఆసుపత్రి గుమాస్తా మొహమాటం లేకుండా చెప్పేశాడు. పద్దెనిమిదేళ్లుగా మామయ్యకు ఉన్న పని అదొక్కటే. మా మేనకోడలు చూసుకుంటుంది లెమ్మని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్న మనిషి, ఇప్పుడు షెడ్డు ముందు స్టూలు మీద నోరు మెదపకుండా కూర్చున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

మళ్లీ బానెట్ ఎత్తింది. మీటరు పెట్టింది. పద్నాలుగు. ఒక్కో తీగా కదిపి చూసింది. పద్నాలుగే.

మామయ్యకు క్యారేజీ తెచ్చిన అత్తయ్యకు అసలే ముక్కు మీద కోపం. కాసేపు చూసి విసుక్కుంది.

"ఎప్పుడు చూసినా దాని మూత తెరిచి చూస్తావేంటే? రోడ్డు మీద అది మూత వేసుకునే కదా నడిచేది."

నీకు తెలియని విషయాల్లో తలదూర్చకని మామయ్య కసిరాడు. మేనకోడలు మాత్రం స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎన్నిసార్లు పరీక్షించినా బానెట్ తెరిచే పరీక్షించింది. చూడాలంటే తెరవాలి కదా మరి!

మీటరుకు పొడుగాటి తీగలు కట్టి, బానెట్ సందులోంచి బయటికి తీసి, కిటికీలోంచి లోపలికి లాగింది. బానెట్ మూసేసింది. మీటరు అత్తయ్య ఒళ్లో పెట్టి అంకె మారితే చెప్పమంది. మామయ్య బండి తీశాడు. మొదటి వీధిలో పద్నాలుగు. మలుపు తిరిగినా పద్నాలుగే. స్పీడ్‌బ్రేకరు దాటగానే ఎర్రలైటు వెలిగింది.

"పన్నెండు," అంది అత్తయ్య.

ఇంజన్ ఆపొద్దని చెప్పి మేనకోడలు కిందికి దూకింది. బానెట్ ఎత్తింది. పద్నాలుగని లోపలినుంచి కేక వినిపించింది. దించి గట్టిగా నొక్కింది. పన్నెండు. నెల రోజులు ఏడిపించిన రోగం చేతికి చిక్కినందుకు ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఇంజన్ ఆపించి, అత్తయ్య సంచిలోని పౌడరు డబ్బా తీసుకుని తీగలన్నిటి మీదా చల్లింది. తన పౌడరు ఇంజనుకు పూస్తున్నందుకు అత్తయ్య లబలబలాడింది. బానెట్ నొక్కి తీసి చూస్తే, దాని అడుగున ఒకేచోట తెల్లగా గీత పడింది. సరిగ్గా దాని కింద ఉన్నది డైనమోకు వెళ్లే సన్నతీగ. పైతొడుగు చెక్కుచెదరలేదు. బ్లేడుతో చీరితే లోపల రాగిపోగులన్నీ తెగి, కొసలు ఊరికే ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. బానెట్ అదిమి, బండి కుదిపినప్పుడల్లా అవి విడిపోతున్నాయి. కింద, ఆ తీగను పట్టి ఉంచవలసిన క్లిప్పు ఖాళీగా ఉంది.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు మామయ్య.

రెండు నెలల కిందట ఇంజన్ దించి ఎక్కించింది ఎవరో ఆమెకు బాగా తెలుసు. ఆయన మరిచిపోయినట్టున్నాడు. ఆమె నీళ్లు నమల్లేదు.

"నాదే మామయ్యా. ఇంజన్ ఎక్కించినప్పుడు తీగ క్లిప్పులో పెట్టలేదు."

మామయ్య ఆ తీగ వంక, ఆమె వంక చూసి పగలబడి నవ్వాడు. నెల రోజుల తర్వాత నవ్విన నవ్వది. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సోమవారం పొద్దున కుండపోత వాన. లైట్లు, వైపర్లు, లోపలి ఫ్యాను అన్నీ వేసే నడపాల్సి వచ్చింది. కొత్త తీగ క్లిప్పులో భద్రంగా ఉన్నా, మేనకోడలు మీటరు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మొన్న ఆయాసపడ్డ పెద్దాయన వీధి వీధికీ ఎంతని అడిగాడు. ఆమె చెప్పిన అంకెను ఆయన వెనక ఉన్న ఆరుగురికీ అందించాడు. ఎర్రలైటు ఒక్కసారి కూడా వెలగలేదు. గతుకుల్లోంచి, నీళ్లల్లోంచి ముసలి వ్యాను దర్జాగా వెళ్లి, టైముకు పది నిమిషాల ముందే ఆసుపత్రి గేటు ముందు నిలబడింది.

అక్కడ గుమాస్తా గొడుగేసుకుని, ఎందుకైనా మంచిదని తెప్పించిన ఇంకో వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. పెద్దాయన అందరికంటే ముందు దిగాడు. గుమాస్తా ఏమీ అడగకముందే తల ఎగరేసి చెప్పాడు.

"పద్నాలుగు."

గుమాస్తాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తను తెప్పించిన వ్యానును మాత్రం వెనక్కి పంపేశాడు.