ల్యాబులో మబ్బు

"పిచ్చుకా! ఏయ్ పిచ్చుకా! దిగవే, మబ్బు నీ చేతికి అందదు!"

ల్యాబు ఆయా కేకకి ఏడో తరగతి పిల్ల బల్ల మీంచి దూకింది. సన్నగా ఉంటుంది, నోరు ఆగదు, అందుకే అందరికీ పిచ్చుక.

సైన్సు ల్యాబులో కప్పు కింద దిండంత మబ్బు ఒకటి ఎప్పటినుంచో ఉంటోంది. ఈదురుగాలి వేస్తే ఆయా కిటికీలు మూస్తుంది, చినుకులు పడితే బల్లలు తుడుస్తుంది. ఫ్యాను వేసుకోనివ్వరన్నదొక్కటే పిల్లల బాధ.

పిచ్చుకకి ఆ మబ్బంటే ప్రాణం. తెల్లగా తేలుతూ ఉంటుంది, చదవమని అడగదు. పుస్తకంలో అక్షరాలు మాత్రం పిచ్చుకకి లొంగవు. ఇంట్లో కళ్ళు మండుతున్నాయని చెప్పి అక్కచేత చదివించుకుని, విన్నది విన్నట్టు గుండెలో దాచుకుంటుంది. ఈ గుట్టు పక్కసీటు సొట్టబుగ్గకి ఒక్కదానికే తెలుసు.

ఆ రోజు పరీక్ష. తప్పితే మళ్ళీ ఏడో తరగతేనని పెద్దమేడం చెప్పేసింది. సొట్టబుగ్గ లేని తరగతి! తలుచుకుంటేనే పిచ్చుకకి ఏడుపొస్తోంది.

"ముందు పాఠం ఒకసారి చదివి వినిపించు తల్లీ," అంది కొత్త సైన్సు టీచరు.

పిచ్చుక పేజీ మీద వేలు పెట్టి గడగడా అందుకుంది.

"ఎండకి నీరు ఆవిరవుతుంది. ఆవిరి పైకి పోయి, అయ్యో పాలు పొంగాయి, ఉండవే వస్తున్నా, పైకి పోయి చల్లబడుతుంది..."

తరగతంతా ఘొల్లుమంది. వంటింట్లో అక్క చదివింది చదివినట్టే అప్పజెప్పేసింది మరి!

టీచరు నవ్వలేదు. "ఆ పాలు ఏ పేజీలో పొంగాయమ్మా?"

"నోరు జారింది టీచర్." పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి.

టీచరు ఒక్క క్షణం పిచ్చుకవంక చూసి, సిరాతో రాసిన ప్రశ్నల కట్ట విప్పింది. అప్పుడు కదిలింది మబ్బు. పిల్లిలా ఒళ్ళు విరుచుకుంటూ కిందికి దిగి, ఆ కట్ట మీద కుండపోతగా కురిసింది. ఆయా బకెట్టు తెచ్చేలోపే సిరా అంతా నీలంగా కారిపోయింది. మబ్బు గుప్పెడే మిగిలింది.

"అయ్యయ్యో, చిక్కిపోయింది!" అంది ఆయా.

"అయితే ప్రశ్న ఒక్కటే," అంది టీచరు. "దాన్ని మళ్ళీ దిండంత చెయ్యండి."

మొదటి బెంచీవాళ్ళు పుస్తకాలు తిరగేస్తుంటే పిచ్చుక స్టవ్ మీద నీళ్ళు పెట్టింది. ఆవిరి తగలగానే మబ్బు ఇంకా పలచబడింది.

"ఉత్త ఆవిరి చాలదు, చలి తగలాలి! ఆయమ్మా, ఐసుముక్కలు!"

స్టూలెక్కి, ఐసు పోసిన పళ్ళెం మబ్బు పైన పట్టుకుంది. ఆవిరి ఎక్కింది, చల్లబడింది, మబ్బు మెల్లమెల్లగా ఒళ్ళు చేసింది. పిచ్చుక బుగ్గకి మెత్తగా తగిలింది.

"పాస్!" అంది టీచరు. "ఇకమీదట సగం మార్కులు చేసి చూపించే చేతులకే."

సొట్టబుగ్గ గిల్లింది. "బతికిపోయావే. ఇక ఆ నోరు కాసేపు మూసుకో."

గంట కొట్టారు. అందరూ వెళ్ళారు. పిచ్చుక గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. మబ్బు వెనకే వచ్చి, ముక్కు మీద ఒక్క చినుకు రాల్చింది.

"టీచర్..."

"ఏంటమ్మా?"

"సిరా చెరిగిపోయినందుకు కాదు టీచర్. అక్షరాలు ఉన్నప్పుడు కూడా... నాకు చదవడం రాదు."