అమరప్పను లోపలికి మోసినం

అమరప్ప ఎక్కడ చచ్చిపోయాడో తోటి కూలీలం మేం కళ్లారా చూశాం. కరెంటు ప్లాంటులో, బాయిలర్ కింద బూడిద దిగే హాపర్ దగ్గర. దాని మూతి పూడుకుపోయింది. ఇనుప రాడ్‌తో పొడవమన్నాడు కాంట్రాక్టర్ చంద్రమోహన్.

"జర సల్లగ కానియ్ సార్. మీద పడ్తది" అన్నాడు అమరప్ప.

"నువ్వు నాకు చెప్పేదేంట్రా? పొడువు."

పొడిచాడు. నిప్పులాంటి బూడిద ఒక్కసారిగా అతని మీద కూలింది. మేం పారలతో తోడి తీసేసరికి ప్రాణం పోయింది.

ఆసుపత్రికి తీసుకుపోతారనుకున్నాం. కాంట్రాక్టర్ మనుషులు శవాన్ని లారీలో వేసి గేటు బయట రోడ్డు పక్కన పడేశారు. "ఇవాళ డ్యూటీకే రాలేదండీ. తాగి చెత్తమంటలో పడ్డాడు" అని చంద్రమోహన్ పోలీసులకు ఫోన్ చేశాడు.

అమరప్ప భార్య సుంకవ్వది బొగ్గు యార్డులో పని. ఆ నల్లటి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. మొగుడి జుట్టులో బూడిద తడిమి చూసింది. రోడ్డు పక్కంతా వెతికింది.

"ఈడ చెత్త యాడ కాలింది? చూపియ్యుండ్రి."

హాపర్ దగ్గర జరిగిందీ, అమరప్ప అన్న మాటా ఆమెకు చెప్పాం. పర్మినెంట్ వాళ్ల యూనియన్ లీడర్ ప్రాణేశ్ వచ్చాడు. "మీరు కాంట్రాక్ట్ మనుషులు, మా యూనియన్ల లేరు. అయినా నేను పెద్దసార్లతోని మాట్లాడ్త. తొందరపడకుండ్రి."

"హనుమయ్య పైనుంచి పడి సచ్చినప్పుడు గూడ గిట్లనే బయటేసిన్రు. నువ్వు గీ మాటే అన్నవ్ అన్నా" అంది సుంకవ్వతో పనిచేసే చెన్నవ్వ. ప్రాణేశ్ తల దించుకున్నాడు.

సుంకవ్వ శవం తలవైపు చేతులు పెట్టింది. "నా మొగడు సచ్చిన కాడనే పండవెడ్త. పట్టుండ్రి."

పట్టాం. సెక్యూరిటీ వాళ్లు లాఠీలు ఎత్తారు. ఆడవాళ్లు ముందు నడిచారు. దెబ్బలు తింటూనే గేటు దాటాం. అమరప్పను హాపర్ కింద పడుకోబెట్టాం. చంద్రమోహన్‌ను ఆఫీసులోంచి లాక్కొచ్చింది ఎవరో నేను చెప్పను.

సుంకవ్వ అతని చేతిలో రాడ్ పెట్టింది. "పొడువు."

"వేడిగా ఉందమ్మా. చచ్చిపోతాను."

"గీ మాట పొద్దుగాల నా మొగడు జెప్పిండు."

చంద్రమోహన్ రాడ్ పడేశాడు. అప్పటికి పోలీసులూ వచ్చారు.

"ఇక్కడే పోయాడు. నేనే పంపాను" అని ఏడ్చాడు.

"నాకు గాదు. వాళ్లకు జెప్పు" అంది సుంకవ్వ.

ఇన్‌స్పెక్టర్ విన్నాడు. విని, చంద్రమోహన్‌కు మంచినీళ్లు ఇప్పించాడు. సుంకవ్వనూ చెన్నవ్వనూ నన్నూ వ్యానులోకి తోశాడు.

వ్యాను కదులుతుంటే ప్రాణేశ్ పక్కనే పరుగెత్తాడు. "సుంకవ్వా, మా షిఫ్టోళ్లు గూడ పని బంద్ వెట్టిన్రు. ఒక్కడు పార ముట్టుతలేడు. అమరప్ప కాడ మేం కూసుంటం."

వెనక చిమ్నీ పొగ పలచబడింది. రోడ్డు మలుపులో చూసేసరికి ఆగిపోయింది. చెన్నవ్వ నవ్వింది. సుంకవ్వ నవ్వలేదు.

"ఆ కాంట్రాక్టర్ పైన ఎవరెవరున్నరో మనం అడగనే లే" అంది. "బయటికొచ్చినంక ఒక్కొక్కన్ని హాపర్ కాడికి తెద్దం."