వేడికి చచ్చిన అయస్కాంతాలు

పలక పట్టింది ముసలితనంలో. రాతలో తప్పులుంటే మన్నించండి. నిదానంగా రాశాను.

ఎలక్ట్రిక్ స్కూటర్ల చక్రాల్లో ఉండే మోటార్లు తయారుచేసే షెడ్డు అది. చక్రం లోపలి అంచు చుట్టూ అయస్కాంతపు బిళ్లలను జిగురుతో అంటించడం అక్క పని. అంటించినవాటిని ఓవెన్లో పెట్టి ఆరబెట్టడం తమ్ముడి పని. ఓనరు కాళ్లావేళ్లా పడి తమ్ముడికి ఆ ఉద్యోగం ఇప్పించింది అక్కే.

ఆ బిళ్లలతో ఆటలు కావు. రెండు దగ్గరికొస్తే మధ్యలో వేలు నలిగిపోతుంది. అందుకే చెక్కముక్క అడ్డుపెట్టి జరిపేది అక్క. బల్ల మీద మర్చిపోయిన కత్తెర ఎగిరొచ్చి బిళ్లకు అతుక్కుంటే, "వచ్చిందమ్మా చుట్టపుచూపుగా!" అని నవ్వేది.

ఆ వారం ఆర్డరు తొందర. జిగురు త్వరగా ఆరాలని తమ్ముడు ఓవెన్ వేడి రెట్టింపు చేశాడు.

"ఒరేయ్, అంత వేడికి బిళ్లల్లో బలం చచ్చిపోతుందిరా!"

"నీ చాదస్తం నువ్వూనూ. మాడిపోవడానికి అవేమన్నా రొట్టెలా?"

అక్క లేచి వెళ్లి ఓవెన్ మీట వెనక్కి తిప్పి వేడి తగ్గించింది. ఆమె అటు తిరగ్గానే వాడు మళ్లీ పెంచాడు.

చచ్చిన బిళ్ల చూపుకి మామూలుగానే ఉంటుంది. స్కూటర్లు ఎత్తు ఎక్కలేక చతికిలబడ్డాకే సంగతి బయటపడింది. చక్రాలన్నీ తిరిగొచ్చాయి. ఓనరు ఒక బిళ్లకు ఇనుపరేకు తగిలిస్తే, అది జారి కింద పడింది.

"మీట ముట్టుకున్నదెవరు?"

నిజం వాడి నోటే రావాలని అక్క పళ్ల బిగువున ఊరుకుంది.

"అక్కేనండీ. అందరూ చూశారు" అన్నాడు తమ్ముడు నేలచూపులు చూస్తూ.

చూసిన మాట నిజమే. ఎటు తిప్పిందో మాత్రం ఎవరూ గమనించలేదు. ఆమె నోరు తెరిచేలోపే ఓనరు, "రేపట్నుంచి రావద్దమ్మా" అనేసి లోపలికి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర తమ్ముడు ఆయాసపడుతూ అందుకున్నాడు.

"అక్కా, నీ మరదలికి నెలలు నిండాయి. ఇప్పుడు నా ఉద్యోగం ఊడితే ఎలా చెప్పు?"

"ముందే నన్ను అడక్కపోయావురా? ఆ నింద నేనే నెత్తినేసుకునేదాన్ని."

"ఎటూ వేసుకునేదానివేగా" అన్నాడు వాడు.

వాడన్నది నిజమే. అదే ఆమెకు మింగుడుపడలేదు.

— వీధిలో అందరికీ పిన్నిని. అరవై ఆరేళ్లు. ఇప్పుడు కూతురి ఇంటి పైగదిలో ఉంటున్నాను.